ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఆ కాస్త ఖాళీ

"పాస్."

దూరదర్శన్ రోజుల్లో క్విజ్ చూసినవాళ్ళకు ఈ మాట వినపడితే ఇప్పటికీ మనసు చటుక్కున అటు మళ్ళుతుంది. తెర మీద ఇద్దరు కుర్రాళ్ళు గుసగుసలాడుకుని, తల అడ్డంగా ఊపి, మైకు దగ్గరికి వంగి ఆ మాట అనేవారు. ప్రశ్న పక్క బల్లకు జరిగేది. అది జరిగే రెండు మూడు సెకన్లలోనే ఇంట్లో టీవీ ముందున్న జనమంతా ఒక్కసారిగా అరిచేవారు. నాన్న ఒక పేరు, అక్క ఇంకో పేరు, టీవీ లేని పక్కింటి నుంచి వచ్చి గడప దగ్గర కూర్చున్న బాబాయి మూడో పేరు. తెర మీద జవాబు తేలేసరికి ఇక్కడ ఓ యుద్ధం అయిపోయేది. తప్పు చెప్పినవాళ్ళు "నేనూ అదే అనబోయాను" అనేవారు.

టీవీ క్విజ్ అనగానే నాకు మొదట గుర్తొచ్చేది ఆ ఖాళీయే. చూసేవాడు ఆటలోకి దూరేది దానిలోంచే. ఒక్కో కార్యక్రమం దాన్ని ఒక్కో కొలతకు కత్తిరించింది. కొలత కుదిరినచోట ఊరంతా కలిసి ఆడింది, చెడినచోట ఆటే చెడింది.

మన దేశంలో పద్ధతిగా జరిగిన తొలి క్విజ్‌గా 1967లో కలకత్తాలో నీల్ ఓబ్రయన్ నిర్వహించినదాన్ని చెబుతారు. హైదరాబాద్‌లో కె-సర్కిల్ క్విజ్ క్లబ్ 1970ల నుంచీ నడుస్తోంది. 1972లో బోర్న్‌విటా క్విజ్ రేడియోకి వచ్చింది. ముందు హమీద్ సయానీ, ఆయన పోయాక తమ్ముడు అమీన్ సయానీ ప్రశ్నలు అడిగారు. 1990ల్లో అదే క్విజ్ టీవీకి వచ్చినప్పుడు మైకు పట్టుకున్నది నీల్ ఓబ్రయన్ కొడుకు డెరెక్. రేడియోలో మొహాలు కనపడవు కాబట్టి నిశ్శబ్దం ఎక్కువసేపు ఉంటే స్టేషన్ పోయిందనుకుంటారు. అందుకే అక్కడ ఖాళీ చాలా చిన్నది. దాన్ని సాగదీసే వీలు టీవీ వచ్చాకే దొరికింది, ఆలోచిస్తున్న మొహాన్ని చూపించొచ్చు కనక.

1985లో దూరదర్శన్‌లో సిద్ధార్థ బసు 'క్విజ్ టైమ్' ఆ పని చేసింది. కాలేజీ జట్లు, వరసగా బల్లలు, మధ్యలో క్విజ్ మాస్టర్. గొంతు పెంచడం లేదు, ఎవర్నీ వెక్కిరించడం లేదు. తప్పు జవాబుకు కూడా ఒక మర్యాద ఉండేది. ఇంగ్లీషులో నడిచే ఆ కార్యక్రమాన్ని సగం అర్థమయ్యీ కాకుండా చూసిన తెలుగు ఇళ్ళు ఎన్నో. ప్రశ్న పూర్తిగా అర్థం కాకపోయినా అందులో రెండు పేర్లు చెవిన పడితే చాలు, జవాబు లాగేయొచ్చు. మంచి ప్రశ్నకు అదొక గుర్తు.

ఆనాటి పాస్ పద్ధతిలో ఒక లోపం ఉంది. చూసేవాళ్ళలో చాలామందికి తట్టదు గానీ, ఆడేవాళ్ళకు బాగా తెలుసు. ఆరు జట్లు ఎ నుంచి ఎఫ్ వరకు వరసగా కూర్చున్నాయనుకోండి. సొంత ప్రశ్నకు 10 మార్కులు, పాస్ మీద వచ్చినదానికి 5. ఎ జట్టు బలహీనమైనది. ప్రతి రౌండులో దాని ప్రశ్న జారి బి దగ్గరికి వస్తుంది. బి ఆ 5 తీసుకుని, వెంటనే తన సొంత ప్రశ్నకు 10 కూడా అందుకుంటుంది. ఎనిమిది రౌండ్లలో బికి ఎనిమిది అదనపు అవకాశాలు. ఎఫ్ పక్కన బలమైన ఇ కూర్చుంటే ఎఫ్‌కు ఒక్కటీ రాదు. ఇక్కడ గెలిపించింది కుర్చీ.

దీనికి మన క్విజ్ క్లబ్బులు పట్టిన మందు 'ఇన్ఫినిట్ బౌన్స్'. ప్రశ్న ఎ దగ్గర మొదలై, పాస్ అవుతూ డి దగ్గర జవాబు దొరికితే, తర్వాతి ప్రశ్న ఇ దగ్గర మొదలవుతుంది. ఎవరు చెప్పినా 10 మార్కులే. ఎవరూ చెప్పకపోతే తర్వాతి ప్రశ్న బి దగ్గర మొదలు. జవాబు చెప్పిన జట్టుకు వెంటనే ఇంకో ప్రశ్న రాదు. అప్పుడూ కాస్త పక్షపాతం మిగులుతుంది. బలమైన డి తరచూ చెబుతూ ఉంటే పక్కనున్న ఇ నుంచే ఎక్కువ ప్రశ్నలు మొదలవుతాయి. అందుకే సగం ప్రశ్నలయ్యాక దిశ తిప్పాలి, గడియారం ముల్లులా వెళ్ళినది వెనక్కి రావాలి. ఇప్పుడా లాభం డికి అటువైపున్న సికి పోతుంది. తిప్పడం మర్చిపోతే క్విజ్ అయ్యాక గొడవ ఖాయం, ఆ గొడవ న్యాయమైనదే.

ఆ తర్వాత వచ్చిన 'పౌన్స్' ఇంకా అందమైనది. ప్రశ్న చదివాక, అసలు జట్టు నోరు విప్పేలోపు, మిగతా జట్లలో ధైర్యమున్నవాళ్ళు జవాబు చీటీ మీద రాసి ఇచ్చేస్తారు. ఒప్పయితే +10, తప్పయితే −5. పౌన్స్ చేసిన జట్టుకు ఆ ప్రశ్న మళ్ళీ బౌన్స్‌లో రాదు. గడువు ముగిసిందని గట్టిగా చెప్పాకే అసలు జట్టును అడగాలి. ఇందులో తరచూ జరిగే పొరపాటు చీటీ చూసిన క్విజ్ మాస్టర్ మొహం మారిపోవడం. కనుబొమ్మలు లేచాయా, ఆరు జట్లూ కనిపెట్టేస్తాయి. చీటీలు చూసేందుకు వేరే మనిషిని పెట్టుకోవడం మేలు.

ఇక ఖాళీ అన్నదే లేకుండా చేసింది 'మాస్టర్‌మైండ్'. బ్రిటన్‌లో 1972లో మొదలైంది. దాన్ని రూపొందించిన బిల్ రైట్ రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లకు యుద్ధఖైదీగా చిక్కి, విచారణలు ఎదుర్కొన్న మనిషి. నల్ల కుర్చీ, మీద ఒకే ఒక దీపం, ఎదురుగా ప్రశ్నలు సంధించే గొంతు, అన్నీ ఆ అనుభవం నుంచి వచ్చినవే. 1990ల చివర్లో బీబీసీ వరల్డ్‌లో సిద్ధార్థ బసు దాన్ని మన దేశానికి తెచ్చారు. రెండు నిమిషాలు సొంతంగా ఎంచుకున్న అంశం, రెండు నిమిషాలు జనరల్ నాలెడ్జ్.

అక్కడ పాస్ అనేదానికి అర్థమే వేరు. తప్పు చెబితే క్విజ్ మాస్టర్ సరైన జవాబు చదువుతాడు, ఆ చదివే సమయం మీ రెండు నిమిషాల్లోంచే పోతుంది. పాస్ అంటే వెంటనే తర్వాతి ప్రశ్న, పాస్ చేసినవాటి జవాబులు ఆఖర్లో చెబుతారు. పాస్‌కు శిక్ష ఒక్కటే. మార్కులు సమానమైతే తక్కువ పాస్‌లు చేసినవాడు గెలుస్తాడు. కాబట్టి జవాబు నాలుక చివర ఉంటే ఊహించి చెప్పాలి, బుర్రలో ఏమీ లేకపోతే క్షణం ఆగకుండా పాస్ అనాలి. అందరినీ ముంచేది మధ్యలో తటపటాయించడమే. నాలుగు సెకన్లు ఆలోచించి పాస్ అంటే రెండువైపులా నష్టం. ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఒక ప్రశ్న పోయిందన్న బెంగతో తర్వాతి ప్రశ్న మొదటి సగం చెవికెక్కదు. అలా వరసగా మూడు పోతాయి.

బజర్ రౌండు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. అందరికీ అందులో వేగమే కనిపిస్తుంది గానీ అసలు పని తాళం వేయడం. మొదటి బటన్ నొక్కగానే దాని దీపం వెలిగి, మిగతా బటన్లన్నీ పనిచేయడం మానేయాలి. క్విజ్ మాస్టర్ రీసెట్ నొక్కేదాకా అలాగే ఉండాలి. కాలేజీల్లో కుర్రాళ్ళు సొంతంగా తయారు చేసుకున్న పెట్టెల్లో ఒక జబ్బు ఎప్పుడూ కనిపించేది. రీసెట్ చేయకముందే ఎవరో ఒకరు వేలు బటన్ మీద నొక్కి ఉంచేవారు, రీసెట్ అవగానే దీపం వాళ్ళదే. బటన్ మీద వేలు ఎత్తి ఉంచాలని నియమం పెడితే సగం తగ్గుతుంది. నొక్కి ఉంచడాన్ని లెక్క చేయకుండా, కొత్తగా నొక్కినదాన్నే గుర్తించేలా సర్క్యూట్ పెట్టుకుంటే పూర్తిగా పోతుంది. ఇంకోటి, స్విచ్ కింద స్ప్రింగ్ అలసిపోయి బటన్ లోపలే ఉండిపోవడం. మొదలుపెట్టే ముందు ప్రతి బటన్‌నూ పదేసిసార్లు నొక్కి చూడాలి.

అమెరికాలో 'జెపర్డీ' అనే టీవీ క్విజ్ దీనికి ఇంకో దారి పట్టింది. ప్రశ్న చదవడం పూర్తయ్యాకే బజర్లు తెరుచుకుంటాయి. తొందరపడి ముందే నొక్కితే పావు సెకను పాటు మీ బజర్ మూసుకుపోతుంది. పావు సెకనే అనిపిస్తుంది గానీ, ముగ్గురికీ జవాబు తెలిసినచోట అదే కొండంత. 2004లో వరసగా 74 ఆటలు గెలిచిన కెన్ జెన్నింగ్స్‌కు జ్ఞాపకశక్తి ఎంత ఉందో వేలి లయ కూడా అంత ఉంది. 2011లో వాట్సన్ అనే కంప్యూటర్ ఆయన్నీ, ఇంకో మేటి ఆటగాడినీ ఓడించినప్పుడు కూడా జనం ఎక్కువగా వాదించుకున్నది బజర్ గురించే.

తర్వాత 2000 జులై 3 వచ్చింది. స్టార్ ప్లస్‌లో 'కౌన్ బనేగా కరోడ్‌పతి' మొదలైన రోజు. 1998లో బ్రిటన్‌లో పుట్టిన 'హూ వాంట్స్ టు బి ఎ మిలియనీర్' మన దగ్గరికి అమితాబ్ గొంతుతో వచ్చింది. హిందీ అంతంత మాత్రం వచ్చిన మన ఇళ్ళలో కూడా "లాక్ కియా జాయే" అనే మాట ఇంటి మాట అయిపోయింది. ఇది ఖాళీని ఎంత సాగదీయొచ్చో చూపించిన ఆట. మొదట్లో హాట్ సీట్లో ఉన్నవాడికి గడియారమే లేదు. కావలసినంతసేపు ఆలోచించుకోవచ్చు. నాలుగు ఆప్షన్లు తెర మీద ఉంటాయి కాబట్టి చదువు లేని అవ్వ కూడా "బి, బి" అనొచ్చు. చూసేవాడికి ఆటలో అంత చోటు ఇంకే క్విజ్ ఇవ్వలేదు. 2014లో నాగార్జున 'మీలో ఎవరు కోటీశ్వరుడు'తో, 2017లో చిరంజీవితో, 2021లో ఎన్టీఆర్ 'ఎవరు మీలో కోటీశ్వరులు'తో అదే ఆట తెలుగులో వచ్చినప్పుడు మన వీధులు మళ్ళీ అదే గోల చేశాయి.

ఆ ఆటలో ఇంకా మాట్లాడుకోవలసినవి చాలా ఉన్నాయి. ముందు పది మందిని వడగట్టే ప్రశ్న. నాలుగింటిని వరసలో పెట్టాలి, అందరికంటే తొందరగా. నాలుగు వస్తువులకు 24 వరసలు సాధ్యం. మొదటిదీ చివరిదీ ఖాయం చేసుకుంటే మిగిలేవి రెండే వరసలు. కాబట్టి నాలుగూ తెలిసేదాకా ఆగకుండా రెండు కొసలూ పట్టుకుని, మధ్యవి ఊహించి నొక్కేయడమే తెలివి.

మొదటి సీజన్ మెట్లు గుర్తున్నాయా? 1,000, 2,000, 3,000, 5,000, 10,000. అక్కడ ఒక మజిలీ. తర్వాత 20 వేలు, 40 వేలు, 80 వేలు, లక్షా 60 వేలు, 3 లక్షల 20 వేలు. అక్కడ రెండో మజిలీ. ఆపైన 6.4 లక్షలు, 12.5, 25, 50, కోటి. మజిలీ దాటాక తప్పు చెబితే ఆ మజిలీ దాకానే జారతారు. దీన్నిబట్టి తేలేది ఏమిటంటే, ఆరో ప్రశ్నకూ పదకొండో ప్రశ్నకూ భయపడటానికి కారణమే లేదు. 3.2 లక్షలు చేతిలో పడ్డాక 6.4 లక్షల ప్రశ్నకు తప్పు చెప్పినా అవే 3.2 లక్షలు. ఊరికే ఊహించినా పోయేదేమీ లేదు. అయినా అక్కడ ఆట మానుకున్నవాళ్ళను చూస్తే ఇంట్లో వాళ్ళంతా తల పట్టుకునేవారు.

పన్నెండో ప్రశ్న నుంచి లెక్క మారుతుంది. 6.4 లక్షలతో 12.5కు వెళ్తే, తప్పయితే 3.2 పోతుంది, ఒప్పయితే 6.1 వస్తుంది. 35 శాతం నమ్మకం ఉన్నా వెళ్ళొచ్చు. 50 లక్షలతో కోటికి వెళ్తే పోయేది 46.8 లక్షలు, వచ్చేది 50. అక్కడ 48 శాతం పైన నమ్మకం కావాలి. కాగితం మీద లెక్క ఇంతే. కానీ జీతం మీద బతికే ఇంటికి మొదటి 50 లక్షలు ఇచ్చే ధైర్యం, రెండో 50 లక్షలు ఇచ్చేదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అందుకే నూటికి 70 పాళ్ళు నమ్మకం ఉన్నా 50 లక్షల దగ్గర ఆగిపోయినవాణ్ణి నేను తప్పుపట్టను. 2000లోనే తొలి కోటి గెలిచిన హర్షవర్ధన్ నవాథేను అడిగిన ఆఖరి ప్రశ్న పార్లమెంటు సమావేశాల్లో పాల్గొనడానికి రాజ్యాంగం ఎవరిని అనుమతిస్తుందని. జవాబు అటార్నీ జనరల్. 88వ అధికరణం ప్రకారం ఆయన ఉభయసభల్లోనూ మాట్లాడొచ్చు, ఓటు మాత్రం లేదు. పోటీ పరీక్షలకు చదివినవాళ్ళు ఎగిరి గంతేసిన ప్రశ్న అది.

లైఫ్‌లైన్లను, అంటే జవాబు తెలియనప్పుడు తీసుకునే సాయాలను, వాడుకోవడం ఓ విద్య. ఫోన్ చేసే లైఫ్‌లైన్‌కు 30 సెకన్లు. అందులో "నమస్కారం బాబాయి, బాగున్నారా" అనడానికి మూడు సెకన్లు పోతాయి. ప్రశ్నా నాలుగు ఆప్షన్లూ చదవడానికి దాదాపు సగం సమయం. అందుకని ముందు ప్రశ్నలోని ముఖ్యమైన మాటలు, వెంటనే ఆప్షన్లు, ఆఖర్న "ఎంత శాతం నమ్మకం?" అని అడగాలి. ఆ చివరి మాట అడగనివాడు మర్యాద కోసం చెప్పిన ఊహను నిజమనుకుని మునిగిపోతాడు. ఐదుగురు మిత్రులను ఎంచుకునేటప్పుడు ఐదుగురూ చరిత్రలో దిట్టలైతే లాభం లేదు. ఒకరు క్రికెట్, ఒకరు సైన్సు, ఒకరు సినిమాలు, ఒకరు పురాణాలు, ఒకరు రోజూ పేపర్ మొదటి నుంచి చివరిదాకా చదివే మనిషి.

ప్రేక్షకుల ఓటును చదవడం ఇంకో లెక్క. 100 మందిలో 20 మందికి నిజంగా తెలుసు, మిగతా 80 మంది గుడ్డిగా నొక్కారనుకోండి. సరైనదానికి తెలిసినవాళ్ళవి 20, గుడ్డిగా పడినవి 20, మొత్తం 40. మిగతా మూడింటికి ఇరవయ్యేసి. అంటే 40-20-20-20లా వస్తే, అది బలహీనంగా కనిపించినా నమ్మదగిన ఓటు. మోసం చేసేది 55-40-3-2 లాంటి ఓటు. జనమంతా నమ్మే అబద్ధం ఒకటి ఆ ఆప్షన్లలో కూర్చుని ఉండొచ్చు. ఆస్ట్రేలియా రాజధాని ఏదంటే కాన్‌బెర్రా పక్కన సిడ్నీ కూర్చున్నట్టు.

ఫిఫ్టీ-ఫిఫ్టీ గురించి వాదన ఇంకా తెగలేదు. మీరు లోపల 'ఎ' అనుకున్నారు, కంప్యూటర్ రెండు తప్పులు తీసేసింది, ఎ మిగిలింది. ఇప్పుడు రెండోదానికి మారాలా? మూడు తలుపుల్లో ఒకదాని వెనక కారు, రెండింటి వెనక మేకలు ఉంటాయి, మీరొకటి ఎంచుకున్నాక ఆడించేవాడు మేక ఉన్న ఇంకో తలుపు తెరుస్తాడు, అప్పుడు మారితేనే గెలిచే అవకాశం ఎక్కువ. ఆ ప్రసిద్ధమైన లెక్క గుర్తొచ్చి మారాలంటారు కొందరు. అది ఇక్కడ చెల్లదు. ఆ లెక్కలో తలుపు తెరిచేవాడికి మీరు ఏది ఎంచుకున్నారో తెలుసు, కావాలనే దాన్ని ముట్టుకోడు. ఇక్కడ మీ మనసులో ఏముందో కంప్యూటర్‌కు తెలియదు. మూడు తప్పుల్లోంచి రెండు యాదృచ్ఛికంగా తీసిందనుకుంటే, ఎ తప్పే అయినపక్షంలో అది మిగలడానికి అవకాశం మూడింట ఒకటే. అందుకే ఎ మీద మీకు ముందు 60 శాతం నమ్మకం ఉంటే, అది మిగిలాక 82 శాతం అవుతుంది. ఏమీ తెలియకుండా ఎ అనుకుని ఉంటే సగానికి సగం. రెండు సందర్భాల్లోనూ మారి సాధించేది లేదు.

ఖాళీ ఎంత పెద్దదైతే దానిలోకి మోసం దూరడానికి అంత చోటు. 1950ల్లో అమెరికాలో 'ట్వంటీ వన్' అనే క్విజ్ ఇదే పని చేసింది. పోటీదారులకు జవాబులు ముందే ఇచ్చేవారు. అంతటితో ఆగకుండా ఎక్కడ తడబడాలి, ఎప్పుడు నుదుటి చెమట అద్దుకోవాలి అనేది కూడా నేర్పేవారు. 1956 డిసెంబర్‌లో హెర్బ్ స్టెంపెల్‌ను ఓడిపొమ్మన్నారు. 1955కు ఉత్తమ చిత్రంగా ఆస్కార్ తెచ్చుకున్న సినిమా 'మార్టీ' అని ఆయనకు బాగా తెలుసు, ఎంతో ఇష్టపడి చూసిన సినిమా. అయినా తప్పు చెప్పమన్నారు, చెప్పాడు. గెలిచిన చార్లెస్ వాన్ డోరెన్ 1959లో అమెరికన్ కాంగ్రెస్ ముందు నిజం ఒప్పుకున్నాడు. మరుసటి ఏడాది టీవీ క్విజ్‌ను ముందే తేల్చిపెట్టడాన్ని నేరం చేస్తూ చట్టం వచ్చింది. 2001లో బ్రిటన్ మిలియనీర్ ఆటలో ఒక సైనికాధికారి పది లక్షల పౌండ్ల దాకా వెళ్ళినప్పుడు సరైన ఆప్షన్ దగ్గర అక్కడే కూర్చున్న ఇంకో పోటీదారు దగ్గు వినిపించేది. 2003లో కోర్టు దాన్ని మోసంగా తేల్చింది. ఈ రెండు కథలు విన్నప్పుడల్లా నాకు బాధ కలిగించేది డబ్బు పోవడం కాదు. తెర ముందు నిజంగా ఆలోచించిన లక్షలమందిని మోసగించారే అని.

ఎవరెన్ని మార్పులు చేసినా, ఆ ఖాళీలో ఏం జరుగుతుందనేది ప్రశ్న కట్టిన తీరు మీదే ఆధారపడి ఉంటుంది. "జాతీయ పతాకాన్ని రూపొందించింది ఎవరు?" అని అడిగితే తెలిసినవాడు చెబుతాడు, తెలియనివాడు కూర్చుంటాడు. మధ్యలో ఆలోచనకు పనిలేదు. దాన్నే ఇలా అడగండి. "వజ్రాల గనుల గురించి చదివినందుకు 'డైమండ్' అనీ, కంబోడియా పత్తి మీద పరిశోధన చేసినందుకు 'పత్తి' అనీ, జపనీస్ భాషలో ఉపన్యసించినందుకు 'జపాన్' అనీ ఈ తెలుగాయన పేరు ముందు జనం తగిలించారు. 1921లో విజయవాడలో ఆయన గాంధీజీకి చూపించినదాని వారసురాలు ఏటా ఆగస్టులో మీ ఊళ్ళోనూ కనిపిస్తుంది. ఎవరాయన?" డైమండ్ దగ్గర ఎవరికీ అందదు. పత్తి దగ్గర రైతు బిడ్డకు ఏదో తడుతుంది. విజయవాడ, గాంధీజీ, ఆగస్టు అనేసరికి గది అంతా కదులుతుంది. అవధానంలో మంచి పృచ్ఛకుడు చేసేది కూడా ఇదే. అవధానిని పడగొట్టడం ఆయన పని కాదు, ఎదిగేందుకు చోటు ఇవ్వడం.

ప్రశ్న మరీ పొడుగైతే చెడుతుంది. మూడు నాలుగు వాక్యాలు దాటితే వినేవాడికి మొదటి ఆధారం జారిపోతుంది. ఆఖరి మాటలో ఏం అడుగుతున్నామో స్పష్టంగా ఉండాలి. మనిషి పేరా, ఊరి పేరా, ఏడాదా. ఏడాదులు అడగడం నాకు ఏమాత్రం నచ్చదు. అది బట్టీకి వేసే పరీక్ష.

(పైన చెప్పిన ఆయన పింగళి వెంకయ్య. ఈపాటికి తట్టే ఉంటుంది.)

జవాబులకు గడువు తేదీ ఉంటుందన్న సంగతి చాలామంది మర్చిపోతారు. తొమ్మిది గ్రహాలనే జవాబు 2006తో చెల్లిపోయింది. 2014 జూన్ 2న తెలంగాణతో రాష్ట్రాలు 29 అయ్యాయి, 2019 అక్టోబర్ 31న జమ్మూ కశ్మీర్ మార్పుతో మళ్ళీ 28. ఎవరెస్టు ఎత్తు 2020 డిసెంబర్ నుంచి 8,848.86 మీటర్లు. మన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1931 సెప్టెంబర్ 15న విడుదలైందని దశాబ్దాలపాటు క్విజ్ పుస్తకాలన్నీ చెప్పాయి. తర్వాతి పరిశోధనలో అది 1932 ఫిబ్రవరి 6 అని తేలింది. పాత పుస్తకంలోంచి ప్రశ్న తీసి అడిగిన క్విజ్ మాస్టర్ ఇక్కడే దొరికిపోతాడు. అసలు పుట్టుకతోనే తప్పయిన జవాబులు ఇంకొన్ని. హాకీ మన జాతీయ క్రీడ అని ఎన్నో జీకే పుస్తకాల్లో ఉంటుంది. ఏ ఆటనూ అలా ప్రకటించలేదని 2012లో ప్రభుత్వమే సమాచార హక్కు దరఖాస్తుకు జవాబిచ్చింది. హిందీ జాతీయ భాష అన్నదీ అంతే. రాజ్యాంగం 343వ అధికరణంలో ఉన్నది అధికార భాష అన్న మాటే.

పుస్తకం నుంచి పుస్తకానికి ఎత్తిరాయడం వల్లే ఇవి బతుకుతాయి. ఫ్రెడ్ వర్త్ అనే రచయిత దీన్ని పట్టుకోవడానికి తన ట్రివియా పుస్తకంలో కావాలనే ఒక అబద్ధం పెట్టాడు. టీవీ డిటెక్టివ్ కొలంబో మొదటి పేరు ఫిలిప్ అని. 'ట్రివియల్ పర్స్యూట్' ఆటలో అదే జవాబు తేలింది. 1984లో ఆయన 30 కోట్ల డాలర్లకు దావా వేశాడు, ఓడిపోయాడు. నిజాల మీద ఎవరికీ కాపీ హక్కు ఉండదని కోర్టు చెప్పింది. ట్రివియా అన్న మాట పుట్టిందే లాటిన్‌లో మూడు దార్ల కూడలి అనే అర్థం నుంచి. కూడలిలో దొరికిన కబురును మరోచోట సరిచూసుకోకుండా నమ్మితే అలాగే ఉంటుంది మరి.

ఇప్పటికీ పండక్కి ఇంటికొచ్చిన నలుగురూ కలిసి ఆ రోజుల్లాగా క్విజ్ పెట్టుకుందాం అంటుంటారు. పెట్టుకోవచ్చు, కష్టమేమీ లేదు. ఇద్దరు ముగ్గురు చొప్పున ఐదారు జట్లు. 30 ప్రశ్నలు చాలు, పైన మూడు నాలుగు అదనంగా చేతిలో ఉండాలి, ఏదో ఒకటి తప్పనిసరిగా రద్దవుతుంది. మనుషులు ఎక్కువైతే ముందు 20 ప్రశ్నల రాతపరీక్ష పెట్టి, అందులో ఐదింటికి నక్షత్రం గుర్తు వేయండి. మార్కులు సమానమైతే నక్షత్రం ఉన్నవి ఎవరు ఎక్కువ రాశారో చూసి తేల్చొచ్చు, గొడవ ఉండదు. ఇంటిపేరు చాలా, పూర్తి పేరు కావాలా అన్నది మొదటి ప్రశ్నకు ముందే చెప్పాలి. ప్రతి ప్రశ్ననూ రెండుసార్లు చదవండి, రెండోసారి నెమ్మదిగా. సొంత ప్రశ్నకు 30 సెకన్లు, బౌన్స్ మీద వచ్చినదానికి 5 నుంచి 10. వరసగా మూడు ప్రశ్నలకు గదిలో ఎవరూ చెప్పలేకపోతే వెంటనే ఒక తేలికదాన్ని తీయండి, లేకపోతే పిల్లలు లేచి వెళ్ళిపోతారు. ల్యాప్‌టాప్‌లో బొమ్మలు చూపిస్తుంటే ఫైలు పేరు మార్చడం మర్చిపోకండి. బొమ్మ తెరిచేలోపు పైన జవాబు పేరే కనిపించడం అన్ని క్విజ్‌లలోనూ జరిగే ముచ్చట.

ఫోన్లు మాత్రం ఒక పళ్ళెంలో బోర్లించి పెట్టించండి. జవాబు వెతకడానికి ఇప్పుడు నాలుగు సెకన్లు పట్టదు, ఎవరైనా వెతికారంటే గదిలో మిగతా పదిమంది ఆలోచన అక్కడికి ఆగిపోతుంది.

మీ క్విజ్‌కు మొదటి ప్రశ్న ఇదిగో, పాస్ చేయొచ్చు. ఏటా ఆగస్టు 20న ప్రపంచమంతా ఒక కీటకం పేరుతో ఒక రోజు జరుపుకుంటుంది. ఆ తేదీకి కారణమైన పని 1897లో మన సికింద్రాబాద్‌లో ఒక సూక్ష్మదర్శిని కింద జరిగింది. చేసిన సైనిక వైద్యుడికి ఐదేళ్ళ తర్వాత నోబెల్ బహుమతి వచ్చింది. కీటకం ఏది, వైద్యుడు ఎవరు? 30 సెకన్లు.